ఇండీనా, డేటోనానా? మా ఇంట్లో తెగని పంచాయితీ

మా ఇంట్లో ఎప్పటికీ తెగని పంచాయితీలు రెండున్నాయి. మొదటిది గోంగూర పచ్చడిలోకి ఉల్లిపాయ పచ్చిది నంజుకోవాలా, వేయించి కలపాలా అన్నది. అది మా అమ్మకీ మా ఆవిడకీ మధ్య వ్యవహారం, దాని జోలికి నేను వెళ్ళను. రెండోది పిల్లలది. అమెరికాలో అన్నిటికన్నా గొప్ప కారు రేసు ఏది? ఇండియానాపోలిస్ 500 అని మావాడు. డేటోనా 500 అని వాడి బావ, అంటే మా బావమరిది కొడుకు.

మేముండేది ఇండియానాపోలిస్‌కి ఉత్తరాన, ఫిషర్స్‌లో. మా బావమరిదివాళ్ళు ఉండేది ఫ్లోరిడాలో, ఒర్లాండో దగ్గర. వాళ్ళింటి నుంచి డేటోనా బీచ్ గంట ప్రయాణం. ఎవరి ఊరి దేవుడు వాళ్ళకి గొప్ప కదా! థాంక్స్ గివింగ్‌కి రెండు కుటుంబాలూ కలిస్తే చాలు, టర్కీ సంగతి ఎలా ఉన్నా ఈ వాదన మాత్రం వేడివేడిగా వడ్డిస్తారు. ఓసారి ఇద్దరూ కలిసి నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు. "మామయ్యా, మీరు ఇంజనీర్ కదా, మీరే చెప్పండి" అన్నాడు మేనల్లుడు. ఇంజనీరునే గానీ నేను చేసేది డేటాబేస్ పని అని చెప్పినా వినలేదు.

సరే, జడ్జి అన్నాక రెండు పక్షాలూ వినాలి. కొన్నేళ్ళుగా చదివాను, చూశాను, రెండు చోట్లకీ పిల్లల్ని తీసుకెళ్ళాను కూడా. ఆ సంగతులే ఇవి.

ముందు ఇండీ. 1909లో కార్ల్ ఫిషర్ అనే వ్యాపారి మరో ముగ్గురితో కలిసి ఊరి పడమటి పక్కన పొలాల్లో రెండున్నర మైళ్ళ ట్రాక్ వేయించాడు. మొదట కంకర, తారు పోసి చదును చేశారు. ఆ ఆగస్టులో పెట్టిన మొదటి కారు రేసుల్లోనే రోడ్డు లేచిపోయింది, ఐదుగురు చనిపోయారు. మరొకరైతే గేటుకి తాళం వేసి ఇంటికి పోయేవారేమో. వీళ్ళు మాత్రం 32 లక్షల ఇటుకలు తెప్పించి ట్రాక్ మొత్తం పరిపించారు. అందుకే ఇప్పటికీ దాన్ని 'బ్రిక్‌యార్డ్' అంటారు. తర్వాత తారు కప్పేశారు గానీ, ముగింపు గీత దగ్గర ఒక గజం వెడల్పున ఆ ఇటుకల్ని అలాగే ఉంచారు.

మొదటి 500 మైళ్ళ రేసు 1911 మే 30న జరిగింది. గెలిచినవాడు రే హారూన్, సగటు వేగం గంటకి సుమారు 75 మైళ్ళు. అంటే ఈరోజు ఐ-65 మీద మనవాళ్ళు టికెట్ రాకుండా జాగ్రత్తగా నడిపే వేగం! ఆ వేగంతో ఆయన దాదాపు ఆరు గంటల నలభై నిమిషాలు నడిపాడు. మిగతావాళ్ళ పక్కన వెనక వచ్చే కార్లని చూసి చెప్పడానికి ఒక మెకానిక్ కూర్చుంటే, ఈయన ఒక్కడే కూర్చుని ఎదురుగా అద్దం బిగించుకున్నాడు. ఇప్పుడు మన కార్లలో ఉండే రేర్ వ్యూ మిర్రర్‌కి అది తొలి రూపాల్లో ఒకటని చెప్పుకుంటారు. ఇటుకల మీద కారు అదిరిపోతుంటే అందులో ఏమీ కనబడలేదని ఆయనే తర్వాత చెప్పాడట, అది వేరే సంగతి.

అప్పటి నుంచి రెండు ప్రపంచ యుద్ధాల కాలం తప్ప ప్రతి ఏడూ ఈ రేసు జరుగుతూనే ఉంది. గెలిచినవాడి ముఖాన్ని బోర్గ్ వార్నర్ ట్రోఫీ మీద వెండిలో చెక్కుతారు. 1911 నుంచి ఇప్పటిదాకా అందరి ముఖాలూ దాని మీద ఉన్నాయి. గెలిచాక షాంపేన్ కాదు, పాలు తాగాలి. 1936లో లూయీ మేయర్ రేసు అయ్యాక మజ్జిగ తాగాడు, వాళ్ళ అమ్మ ఎండలో దాహానికి అదే మంచిదని చెప్పేదట. ఈ కథ వినగానే మా అమ్మకి ఇండీ మీద గౌరవం అమాంతం పెరిగిపోయింది. "చూశావా, ఇంత పెద్ద మొనగాడు కూడా అమ్మ మాట విని మజ్జిగే తాగాడు" అని పిల్లల మీద ఆ అస్త్రం ఇప్పటికీ ప్రయోగిస్తూ ఉంటుంది. 1993లో గెలిచిన బ్రెజిల్ డ్రైవర్ ఎమర్సన్ ఫిట్టిపాల్డికి నారింజ తోటలున్నాయి. ఆయన పాలు పక్కన పెట్టి ఆరెంజ్ జ్యూస్ తాగితే జనం గోల చేశారు. ఇంత చిన్న విషయానికి అంత కోపమా అనుకుంటాం గానీ, మన గుళ్ళో పులిహోర బదులు పిజ్జా పంచితే ఊరుకుంటామా?

గౌరవం విషయంలో నాకు నచ్చిన ముచ్చట ఇంకొకటుంది. ఇండీలో పరిగెత్తేవి 33 కార్లు, వరసకి మూడు చొప్పున పదకొండు వరసలు. అందులో చోటు కావాలంటే నాలుగు ల్యాప్‌లు ఒంటరిగా నడిపి వేగం చూపించాలి. చూపించలేకపోతే ఎంతటివాడైనా ఇంటికే. 1994లో గెలిచిన రోజర్ పెన్స్కీ జట్టుకి 1995లో ఒక్క కారుకీ చోటు దొరకలేదు. ఫార్ములా వన్‌లో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన ఫెర్నాండో అలోన్సో 2019లో ఇలాగే వెనక్కి వెళ్ళాడు. ఇక్కడ సిఫార్సులు చెల్లవు. కావలిస్తే మొత్తం ట్రాక్‌ని కొనుక్కోవచ్చు. పాతికేళ్ళ తర్వాత పెన్స్కీ అదే చేశాడు, 2020 జనవరి నుంచి ఆ స్పీడ్‌వే ఆయన చేతిలో ఉంది. కానీ 33లో చోటు మాత్రం వేగం చూపించే సంపాదించుకోవాలి.

ఇక డేటోనా వకాలతు వినండి. ఇది 1959 ఫిబ్రవరిలో మొదలైంది, అంటే ఇండీకి తమ్ముడు కూడా కాదు, దాదాపు మనవడి వయసు. అంతకుముందు అక్కడ సముద్రపు ఇసుక మీదే రేసులు పెట్టేవారు. తీరం వెంట ఒకవైపు వెళ్ళి, పక్కనే ఉన్న తారురోడ్డు మీద తిరిగి రావడం. ఆ పందాల నుంచే బిల్ ఫ్రాన్స్ అనే గ్యారేజీ యజమాని నాస్కార్ సంస్థని 1948లో నిలబెట్టాడు. 1954లో ఆయన ఇండియానాపోలిస్ వెళ్తే, అక్కడి అధికారులు గ్యారేజీల దగ్గర నుంచి బయటికి పంపేశారని చెబుతారు. మామూలు కార్లతో పందాలు పెట్టేవాడికి ఇక్కడేం పని అన్నట్టు. ఐదేళ్ళు తిరిగేసరికి ఆయన డేటోనాలో సరిగ్గా ఇండీ అంతే, రెండున్నర మైళ్ళ ట్రాక్ కట్టి చూపించాడు. పౌరుషం అంటే అదీ.

పొడవు ఒకటే అయినా రెండిటికీ పోలిక లేదు. ఇండీలో మలుపుల దగ్గర రోడ్డు వాలు తొమ్మిది డిగ్రీలు దాటి కాస్త, చూడ్డానికి దాదాపు చదునుగానే ఉంటుంది. డేటోనాలో 31 డిగ్రీలు! మీ ఇంటి పైకప్పు వాలు ఒకసారి చూడండి, ఇంచుమించు అంత. చిన్నప్పుడు మన ఊళ్ళలో ఎగ్జిబిషన్‌కి వచ్చే చెక్కబావిలో మోటార్‌సైకిల్ గిరగిరా తిప్పేవాళ్ళు గుర్తున్నారా? అదే సూత్రం. మలుపులో బయటికి జారిపోవాలనుకునే బండిని ఆ వాలు పట్టి ఆపుతుంది, అందుకని బ్రేకు తొక్కక్కర్లేదు. ఆ వాలు కట్టడానికి మైదానం మధ్యలో తవ్విన మట్టి వాడారు. ఆ గొయ్యి ఇప్పుడు లేక్ లాయిడ్ అనే చెరువు.

కార్లు కూడా వేరు. ఇండీ కారు చక్రాలు బయటికి కనిపించే బాణం లాంటి బండి, ఒక్కడే కూర్చుంటాడు, గంటకి 230 మైళ్ళు దాటుతుంది. ఆ లెక్కన సెకనుకి 337 అడుగులు. క్రికెట్ పిచ్ పొడవు 66 అడుగులు కదా, బౌలర్ ఒకటి అనేలోపు అలాంటివి ఐదు దాటేస్తుంది. నాస్కార్ కారు దానికి రెట్టింపు బరువు. పైకి మనం నడిపే కార్ల పోలిక, లోపల మాత్రం అంతా ఉక్కు గొట్టాల పంజరం.

డేటోనా కార్లు ఇంకా వేగంగా పోగలవు. 1987లో బిల్ ఇలియట్ అక్కడ అర్హత పరుగులో గంటకి 210 మైళ్ళు దాటాడు. ఆ ఏడాదే అలబామాలోని టాలడీగాలో ఒక కారు గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెని చింపేసింది. దాంతో 1988 నుంచి ఇంజన్‌కి గాలి తక్కువ అందేలా చిన్న కన్నాలున్న పలక పెట్టి వేగం తగ్గించారు. ఇప్పుడు పలక స్థానంలో మరో పరికరం వచ్చింది గానీ పని అదే. అసలు తమాషా ఇక్కడ మొదలవుతుంది. అన్ని కార్లకీ ఒకే పాటి బలం ఉంటే ఎవరూ ఎవరినీ వదిలిపోలేరు. చిన్నప్పుడు సైకిల్ మీద బడికి వెళ్తూ ట్రాక్టర్ వెనక నక్కితే ఎదురుగాలి తగలక తేలిగ్గా తొక్కేవాళ్ళం కదా, వీళ్ళూ అంతే. ముందు కారు వెనక అంగుళాల దూరంలో దాక్కుంటారు, ఒకరినొకరు తోసుకుంటారు. 40 కార్లు తేనెటీగల గుంపులా కలిసి తిరుగుతాయి. చివరి ల్యాప్‌లో పదో స్థానంలో ఉన్నవాడు కూడా గెలవచ్చు. 2016లో డెన్నీ హామ్లిన్ గెలిచిన తేడా సెకనులో నూరో వంతు. కనురెప్ప వాల్చే సమయంలో అది పదో వంతుకు మించదు.

"ఇండీలో ఇంత క్లోజ్ ఫినిష్ ఎప్పుడైనా వచ్చిందా?" అని మేనల్లుడు క్రాస్ ఎగ్జామినేషన్. మావాడు తడుముకోకుండా 1992 అన్నాడు. అల్ అన్సర్ జూనియర్, స్కాట్ గుడ్‌ఇయర్‌ని సెకనులో 0.043 వంతు తేడాతో ఓడించాడు. ఆ గుడ్‌ఇయర్ బయల్దేరింది 33వ స్థానం నుంచి, అంటే అందరికన్నా చివరి నుంచి! నిజమే, కానీ అలాంటివి ఇండీలో అప్పుడప్పుడే. డేటోనాలో చివరి ల్యాప్‌లో ఏమీ జరగకపోతేనే వార్త.

నేను జడ్జిగా మొదట ఇచ్చిన తీర్పు తేలిక. గౌరవం ఇండీది, ఉత్కంఠ డేటోనాది, పోండి, పోయి భోంచేయండి. ఇద్దరూ ఒప్పుకోలేదు. నా తీర్పు మీద నాకే అనుమానం వచ్చింది మాత్రం 2020 ఫిబ్రవరిలో.

ఆ ఏడు ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్‌కి ఫ్లోరిడా వెళ్ళాం. మా బావమరిది అందరికీ డేటోనా టికెట్లు కొన్నాడు. ఆదివారం ఇరవై ల్యాప్‌లు అయ్యాయో లేదో వాన పడింది. రేసు సోమవారానికి వాయిదా. మేం తెచ్చుకున్న పులిహోర పార్కింగ్‌లోనే అయిపోయింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాం. మావాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు, అమ్మాయికి ఆరు. చెవులకి పెద్ద మఫ్‌లు పెట్టుకుని ఇద్దరూ హెలికాప్టర్ పైలట్లలా ఉన్నారు. (వెళ్ళేవాళ్ళు ఇది మర్చిపోకండి, ఆ చప్పుడు చిన్నపిల్లల చెవులకి మంచిది కాదు.) రాత్రయింది. చివరి ల్యాప్‌లో రయన్ న్యూమన్ ముందున్నాడు. మా ఇండియానావాడే, సౌత్ బెండ్‌లో పుట్టి పర్డ్యూలో ఇంజనీరింగ్ చదివినవాడు. 2008లో ఇదే రేసు గెలిచాడు కూడా. మావాడు అప్పటికప్పుడు ఇండీ పక్షం వదిలేసి కుర్చీ ఎక్కి అరుస్తున్నాడు.

ముగింపు గీత కనుచూపు మేరలో ఉండగా వెనక నుంచి తగిలిన దెబ్బకి ఆయన కారు గోడకి కొట్టుకుని గాల్లో తిరగబడింది. తలకిందులుగా ఉన్న కారు తలుపుకి మరో కారు వచ్చి గుద్దింది. నిప్పులు కక్కుతూ అలాగే జారుకుంటూ గీత దాటేసింది. హామ్లిన్ 0.014 సెకన్ల తేడాతో గెలిచాడు. కాసేపు చప్పట్లు వినిపించాయి. తర్వాత ఆ కారు చుట్టూ నల్లటి తెరలు పట్టుకొచ్చారు. అంతమంది జనం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోవడం నేనెప్పుడూ వినలేదు.

"నాన్నా, ఆ అంకుల్ చచ్చిపోయాడా?" అంది మా అమ్మాయి.

నా దగ్గర జవాబు లేదు. తెలియదమ్మా అన్నాను. కారులో ఎవరూ మాట్లాడలేదు. మా బావమరిది రేడియో పెట్టి, మళ్ళీ ఏం చెబుతారోనని కట్టేశాడు. ఆయన బతికే ఉన్నాడు, ప్రాణాపాయం లేదన్న కబురు ఆ రాత్రే తెలిసింది. పిల్ల మాత్రం అప్పటికే నిద్రపోయింది. బుధవారం మేం ఫిషర్స్ తిరిగొచ్చాక ఒక ఫోటో వచ్చింది. న్యూమన్ తన ఇద్దరు కూతుళ్ళ చేతులూ పట్టుకుని ఆసుపత్రి నుంచి నడిచి బయటికి వస్తున్నాడు. అది మా అమ్మాయికి చూపించాను. చాలాసేపు చూసింది. చూసి, "డేటోనా ఎక్సైటింగ్ అంటే ఇదేనా?" అంది.

ఆరేళ్ళ పిల్ల అడిగిన ఆ ప్రశ్నకి వాదించేవాళ్ళెవరూ సరిగ్గా జవాబు చెప్పరు. డేటోనా ఉత్కంఠ దేని నుంచి పుడుతోంది? కార్లు దగ్గర దగ్గరగా ఉండటం నుంచి. ప్రమాదం దేని నుంచి పుడుతోంది? అదే దగ్గరతనం నుంచి. వేగం తగ్గించి ప్రేక్షకుల్ని కాపాడబోతే కార్లన్నీ గుంపుగా చేరాయి. ఒకడు తప్పు చేస్తే పదిమంది చిక్కుకుంటారు. దానికి అక్కడ ముద్దుపేరు కూడా ఉంది, 'ది బిగ్ వన్' అని. అది వస్తుందని అందరికీ తెలుసు, ఎప్పుడొస్తుందా అని చూస్తారు. నేనూ చూశాను. ఆ సంగతి దాచడమెందుకు?

అలాగని ఇండీ చేతులు కడిగేసుకోలేదు. ఐదుగురి చావుతో మొదలైన చోటు అది. 1955లో వరసగా మూడోసారి గెలవబోతున్న బిల్ వూకోవిచ్ రేసు మధ్యలోనే పోయాడు. 1964లో మంటల్లో ఇద్దరు. ఇప్పుడు మనం చెప్పుకునే ఆ గౌరవంలో కొంత ఆ భయం నుంచి వచ్చిందేనని నా అభిప్రాయం. భయం లేని పందానికి వందేళ్ళు ఎవరు వస్తారు?

అన్నట్టు, న్యూమన్ నడుచుకుంటూ రావడం వెనక ఒక కథ ఉంది, ఇందులో రెండు రేసులూ కలుస్తాయి. 2001 డేటోనాలో, అదీ చివరి మలుపులో, డేల్ ఎర్న్‌హార్ట్ గోడకి గుద్దుకుని చనిపోయాడు. నాస్కార్ అభిమానులకి ఆయన మనకి ఎన్టీఆర్ ఎంతో అంత. ఏడుసార్లు ఛాంపియన్ అయినా డేటోనా 500 మాత్రం చాలా ఏళ్ళు ఆయన్ని ఊరించింది. ఇరవయ్యోసారి, 1998లో, గెలిచాడు. రేసు ముందు చక్రాల కుర్చీలో వచ్చిన ఒక చిన్నపిల్ల ఆయనకి అదృష్టం కోసం ఒక పెన్నీ ఇస్తే, దాన్ని కారు డాష్‌బోర్డుకి జిగురు పెట్టి అంటించుకున్నాడు. గెలిచాక మిగతా జట్లవాళ్ళంతా వరసగా నిలబడి చేతులు కలిపారు. మూడేళ్ళకే ఆయన పోయాడు. అప్పటిదాకా వద్దనుకున్న తల, మెడ పట్టీలు ఆ ఏడాదే నాస్కార్‌లో తప్పనిసరయ్యాయి. గోడల సంగతి మాత్రం ఇండీ నుంచి వచ్చింది. నెబ్రాస్కా యూనివర్సిటీ ఇంజనీర్లు ఉక్కు గొట్టాలు, వాటి వెనక నురగ దిమ్మలు పెట్టి, గుద్దితే కాస్త లోపలికి పోయే గోడ తయారు చేశారు. 2002లో దాన్ని మొదటిసారి పెట్టింది ఇండియానాపోలిస్‌లో. తర్వాత నాస్కార్ ట్రాకులన్నీ తీసుకున్నాయి.

అప్పుబదులు ఇంకో దిక్కునా ఉంది. ఇప్పుడు ఇండీలో గెలిచినవాళ్ళు మోకాళ్ళ మీద వంగి ఆ ఇటుకల్ని ముద్దు పెట్టుకుంటారు. అది వందేళ్ళ ఆచారం అనుకున్నాడు మావాడు. కాదు! 1954లో బిల్ ఫ్రాన్స్‌ని గెంటేసిన ఆ ట్రాక్‌లో 1994 నుంచి నాస్కార్ రేసు మొదలైంది. 1996లో అది గెలిచిన డేల్ జారెట్ సరదాగా ఇటుకల్ని ముద్దాడాడు. ఆ ముద్దే ఇండీ 500 వాళ్ళు తర్వాత అలవాటు చేసుకున్నారు. ఇది చెప్పినప్పుడు మేనల్లుడి ముఖం చూడాలి.

1996 మరో రకంగా కూడా ఇండీకి మర్చిపోలేని ఏడు. ఉమ్మడి కుటుంబంలో ఆస్తి తగాదా వచ్చినట్టు, ఆ ఆటవాళ్ళు రెండు లీగులుగా చీలిపోయారు. పేరున్న జట్లు చాలావరకు ఇండీకి రాలేదు. 2008లో మళ్ళీ కలిసేసరికి జనం నాస్కార్ వైపు వెళ్ళిపోయారు, కొన్నేళ్ళు టీవీలో డేటోనా చాలా ముందుండేది. 2025కి వచ్చేసరికి రెండూ దాదాపు 70 లక్షల ప్రేక్షకుల దగ్గరున్నాయి, ఇండీ ఒక్క అడుగు ముందు. నేరుగా వచ్చి చూసేవాళ్ళ లెక్కలో అయితే పోటీయే లేదు. డేటోనాలో లక్షకి కాస్త పైగా కుర్చీలున్నాయి. ఇండీకి మూడు లక్షలకి పైగా వస్తారు. మన రాజమండ్రి ఊరు ఊరంతా వచ్చి కూర్చున్నట్టు.

రెండూ గెలిచినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే, ఇద్దరే. ఒకరు టెక్సస్‌కి చెందిన ఎ.జె. ఫోయ్ట్, నాలుగు ఇండీలు, 1972లో డేటోనా. రెండోవాడి గురించి మన పిల్లలకి తప్పక చెప్పాలి. మారియో ఆండ్రెట్టి. 1940లో పుట్టిన ఊరు అప్పట్లో ఇటలీ, యుద్ధం తర్వాత యుగోస్లావియా అయిపోయింది, ఇప్పుడు క్రొయేషియా. కుటుంబం ఇల్లూ వాకిలీ వదిలేసి ఏడేళ్ళు ఇటలీలో శరణార్థి శిబిరంలో తలదాచుకుంది. 1955లో అమెరికా వచ్చారు. ఇంగ్లీషు రాదు. పెన్సిల్వేనియాలో అన్నదమ్ములిద్దరూ నాన్నకి తెలియకుండా పాత కారు బాగుచేసుకుని మట్టి ట్రాకుల మీద రేసులాడారు. 1964లో పౌరసత్వం. 1967లో డేటోనా, 1969లో ఇండీ, 1978లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్. చదువుకోమని పంపితే పిల్లలు ఏం చేస్తున్నారో తెలుసుకోని తండ్రులు అప్పుడూ ఉన్నారన్నమాట.

మనవాళ్ళ సంగతి అడిగేవాళ్ళకి ఒక మాట. ఫార్ములా వన్‌లో భారతీయుడు పాయింట్లు సంపాదించిన ఒకే ఒక్క చోటు మా ఇండియానాపోలిసే. 2005 జూన్‌లో ఇక్కడి యు.ఎస్. గ్రాండ్ ప్రీలో టైర్ల గొడవతో ఆరు కార్లే పరిగెత్తాయి, కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చాడు. ఆరింట్లో నాలుగా అని నవ్వకండి, ఆరింట్లో ఒకటిగా ఉండటమూ చిన్న విషయం కాదు. 2010లో ఆయనే నాస్కార్ ట్రక్కుల రేసుల్లో కూడా నడిపాడు. ఇండీ 500 గెలిచిన మొదటి ఆసియావాడు మాత్రం జపాన్‌కి చెందిన తకుమా సాటో, 2017లో, మళ్ళీ 2020లో. ఆడపిల్లలకి చెప్పాల్సింది జానెట్ గత్రీ పేరు. ఏరోస్పేస్ ఇంజనీరు. 1977లో ఒకే ఏడాది డేటోనా 500లోనూ, ఇండీ 500లోనూ పాల్గొన్న మొదటి మహిళ.

నాస్కార్ అంటే మనవాళ్ళు కాస్త జంకుతారు, ఎందుకో అందరికీ తెలుసు. మేం అమెరికా వచ్చిన కొత్తలో అక్కడ కాన్ఫెడరేట్ జెండాలు విరివిగా కనిపించేవి. 2020 జూన్‌లో నాస్కార్ వాటిని నిషేధించింది. 2020 ఫిబ్రవరిలో మా పక్కన కూర్చున్న జార్జియా పెద్దాయన మా అమ్మాయికి తన కూలర్‌లోంచి నిమ్మరసం డబ్బా ఇచ్చి, న్యూమన్ ప్రమాదం తర్వాత టోపీ తీసి తల దించుకుని నిలబడ్డాడు. ఒక్క మనిషిని చూసి అందరి గురించీ చెప్పలేను గానీ, నేను చూసింది అది.

ఆ తర్వాత నాలుగేళ్ళు మా అమ్మాయి ఏ రేసూ చూడనంది. 2024 మేలో బతిమాలి ఇండీకి తీసుకెళ్ళాం. అక్కడా వానే! నాలుగు గంటలు ఆలస్యం. ఇండియానాపోలిస్‌వాళ్ళకి ఇంకో ముచ్చట ఉంది. మామూలుగా ఈ రేసుని ఊళ్ళో టీవీలో ప్రత్యక్షంగా చూపించరు, టికెట్లు కొనుక్కుని రావాలని. టికెట్లన్నీ అయిపోయిన 2016, 2025 లాంటి ఏళ్ళలో ఆ పట్టు సడలించారు. అందుకే ఆ ఆదివారం ఇక్కడ పెరట్లో గ్రిల్ వెలిగించి రేడియో పెట్టుకోవడం ఒక పండగ. మా అమ్మాయికి అదే ఇష్టం, రేడియోలో అయితే ఏమీ కనబడదు కదా అంటుంది.

ఆ రోజు సాయంత్రం చివరి ల్యాప్. పాటో ఓవార్డ్ ముందుకొచ్చాడు, మూడో మలుపులో జోసెఫ్ న్యూగార్డెన్ అతన్ని బయటి వైపు నుంచి దాటేశాడు. గంటకి 220 మైళ్ళ పైన ఇద్దరూ పక్కపక్కన, ఒకరికొకరు చోటిచ్చుకున్నారు, ఒక్క గీత కూడా పడలేదు. న్యూగార్డెన్ కారు దిగి కంచె సందులోంచి జనంలోకి దూరిపోయాడు. ఓవార్డ్ హెల్మెట్ లోపల ఏడుస్తూ కూర్చున్నాడు. మా అమ్మాయి ఓడిపోయినవాడినే చూస్తోంది.

"ఇది ఎక్సైటింగా?" అని అడిగాను.

"ఊఁ. ఎవరికీ ఏం కాలేదు కదా" అంది.

కాబట్టి నా తీర్పు మార్చుకున్నాను. గౌరవం ఇండీదే, అందులో సందేహం లేదు. ఉత్కంఠ కూడా ఎక్కువ సార్లు డేటోనాదే, కానీ ఆ ఉత్కంఠలో సగం లాటరీ. ఎవరు బాగా నడిపారన్నదాని కన్నా ఎవరు మిగిలారన్నది తేలుతుంది. 2025లో నాలుగు ఇండీల వీరుడు ఎలియో కాస్ట్రోనెవెస్ ప్రత్యేక మినహాయింపుతో డేటోనాలో దిగి, ఒక గుంపు ప్రమాదంలో ఇరుక్కుని మధ్యలోనే బయటికొచ్చేశాడు. నాకైతే 2024లో చూసిన ఆ మూడో మలుపు చాలు. మేనల్లుడు అప్పీలుకి వెళ్తానన్నాడు.

అప్పీలు ఇంకా నడుస్తోంది. వాడు మళ్ళీ డేటోనా రమ్మని పిలుస్తున్నాడు. మావాడు బట్టలు సర్దుకోవడానికి సిద్ధం. అమ్మాయి కూడా వస్తానంది, రెండు షరతుల మీద. పులిహోర రెండు డబ్బాలు తేవాలి. చివరి ల్యాప్ మొదలవగానే తను మఫ్‌లు గట్టిగా నొక్కుకుని కళ్ళు మూసుకుంటుంది, అందరూ దిగి నడుస్తున్నారని నేను చెప్పాకే తెరుస్తుంది.